రొయ్యల ప్లాంట్‌లో లెక్కలు నిజం చెప్పాలంటే

విశాఖ చుట్టుపక్కల ఏ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌కి వెళ్లినా రిజిస్టర్లకి కొదవుండదు. సరుకు దిగే చోట ఒకటి, ఐస్‌కి ఒకటి, క్లోరిన్ నీళ్లకి ఒకటి, చిల్ రూమ్ ఉష్ణోగ్రతకి ఒకటి, చేతులు కడుక్కున్నారో లేదో రాయడానికి ఇంకొకటి. అమెరికాకి సరుకు పంపేవాళ్లకి 1997 డిసెంబరు నుంచి హాసప్ రికార్డులు, అంటే ఆహార భద్రతకి ముప్పు ఎక్కడుందో చూసి అదుపు చేస్తున్నట్టు చూపించే లెక్కలు, తప్పనిసరి. యూరప్ వాళ్ల తనిఖీలు సరేసరి. కాబట్టి ఏ యజమానైనా "మా దగ్గర డేటా లేదమ్మా, ముందు సాఫ్ట్‌వేర్ కొనాలి" అంటే నేను ఒప్పుకోను. డేటా బోలెడంత ఉంది. ఆడిటర్ కోసం రాస్తున్నారు, ఆడిటర్ కారెక్కగానే బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు.

నేను క్వాలిటీ సెక్షన్‌లో థర్మామీటర్ పట్టుకుని మొదలుపెట్టి, ఇప్పుడు ప్లాంట్ మొత్తం చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. లెక్క చూసి నిర్ణయం తీసుకునే అలవాటు ఒక ప్లాంట్‌కి ఎలా చెయ్యాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపేవాళ్లకీ, పోర్టు పనుల మీద బతికే క్లియరింగ్ ఆఫీసుల వాళ్లకీ కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. అంకె రాసే మనిషికి ఆ అంకె వల్ల దెబ్బ తగలకూడదు, పైగా ఏదో ఒక మేలు కళ్లకి కనపడాలి. ఈ రెండూ లేకపోతే ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టినా దాంట్లోకి ఎక్కేవి అబద్ధాలే.

ముందు పాత రిజిస్టర్లు చదవండి

కొత్త ఫారాలు అచ్చు వేయించేముందు పోయిన నెల రిజిస్టర్లు తెప్పించుకుని ఒక మధ్యాహ్నం కూర్చోండి. వండిన లెక్కలు ఇట్టే తెలిసిపోతాయి. చిల్ రూమ్ ఉష్ణోగ్రత వారమంతా 2.8, 2.9, 2.8 అని నడిచిందంటే అనుమానించాలి. గంటకి ఎన్నోసార్లు తలుపు తీసి వేసే గదిలో అంకె అంత బుద్ధిగా కూర్చోదు. మూడు షిఫ్టులకీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత ఉందా చూడండి. కరెంటు పోయి జనరేటర్ అందుకోవడం ఆలస్యమైన రోజున కూడా అంకె కదల్లేదా చూడండి. తూకాలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తున్నాయంటే కాటా చూసి రాసినవి కావు, ఉజ్జాయింపుగా వేసినవి.

అన్నిటికంటే పెద్ద ఆనవాలు కాగితమే. గ్లవ్స్ నుంచి నీళ్లు కారే చోట రాసిన పుస్తకం మీద మరకలుంటాయి, ఇంకు అలికి ఉంటుంది, అంచులు ఉబ్బి ఉంటాయి. పెళ్లి శుభలేఖలా తళతళలాడే రిజిస్టరు షిఫ్టు అయ్యాక క్యాంటీన్‌లో టీ తాగుతూ నింపింది.

దొరికారు కదా అని ఎవరినీ నిలదీయకండి. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక చోట ఒక ట్రైనీ పిల్ల చిల్ రూమ్‌లో 6 డిగ్రీలు చూసి, ఉన్నదున్నట్టు 6 అనే రాసింది. తలుపు రబ్బరు చిరిగి చల్లదనం బయటికి పోతోంది. మేనేజరు గారు రబ్బరు సంగతి వదిలేసి ఆ పిల్లకి మెమో ఇచ్చారు. మర్నాటి నుంచి అందరి పుస్తకాల్లోనూ 3 డిగ్రీలే. ఆయన మాత్రం సమస్య తీరిపోయిందనుకున్నారు.

నిలదీసే బదులు ఆ రోజే ఒక చిన్న పని చేసి చూపించండి. స్టీలు గ్లాసు నిండా చితక్కొట్టిన ఐస్ వేసి, కాస్త మంచినీళ్లు పోసి, బాగా కలిపి, థర్మామీటర్ మొన మధ్యలో ఉంచి అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. 0 చూపించాలి. చూపించకపోతే పరికరం తప్పు, మనిషిది కాదు. ప్లాంట్‌లో ఉన్న థర్మామీటర్లన్నీ అందరి ముందూ ఇలా పరీక్షించి, తేడా ఉన్నవి అక్కడికక్కడే పక్కన పెట్టేయండి. కాటాలకీ అంతే, తూకపు రాళ్లు పెట్టి చూపించండి. లెక్కలో తప్పుంటే ముందు పరికరాన్ని అనుమానిస్తారు, మనల్ని కాదు అన్న ధైర్యం ఉపన్యాసాలతో రాదు.

యజమాని నోటితోనే చెప్పించాలి

మూడు నెలల పాటు ఈ అంకెలు చూసి ఎవరి జీతంలోనూ కోత ఉండదు, ఎవరికీ మెమో ఉండదు అని ఎండీ గారే షిఫ్టు మారే వేళ అందరి ముందూ నిలబడి చెప్పాలి. మీరు చెబితే చాలదు, హెచ్‌ఆర్ వాళ్లు నోటీసు అంటించినా చాలదు. డెమింగ్ అనే అమెరికా గణాంక నిపుణుడు 1950లో జపాన్ కంపెనీల పెద్దలకి పాఠాలు చెప్పాడు. తర్వాత ఆయన రాసుకున్న 14 సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని తరిమేయమనే. మిగతా పదమూడు మర్చిపోయినా ఫర్వాలేదని నా అభిప్రాయం.

యజమానిని ఒప్పించడానికి డెమింగ్ పేరు మాత్రం ఎత్తకండి. రూపాయల్లో చెప్పండి. రోజుకి 10 టన్నుల రొయ్య దిగే ప్లాంట్‌లో ఈల్డ్, అంటే దిగిన సరుకులో చివరికి మిగిలే వంతు, ఒక్క శాతం పెరిగితే రోజుకి 100 కిలోల సరుకు అదనంగా డబ్బాలోకి వెళ్తుంది. ఆ రోజు రేటుతో ఆయననే గుణించుకోమనండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు పైసా పైసా వెతుక్కున్న యజమానులకి ఈ గుణకారం ఇంకెవరూ నేర్పనక్కర్లేదు.

ఒక్క షరతు. ఆహార భద్రతకి సంబంధించిన అంకె హద్దు దాటితే సరుకు ఆపాల్సిందే, అందులో మొహమాటం లేదు. అయితే ఆపేది సరుకుని. ఆ అంకె రాసిన అమ్మాయికి మాత్రం అందరి ముందూ థాంక్స్ చెప్పాలి. మొదటిసారి అలా జరిగిన రోజున షాప్ ఫ్లోర్ అంతా మీ మొహం వైపే చూస్తుంది.

ఒక్క అంకె, ఒక్క టేబుల్

మార్పు గురించి క్లాసులు చెప్పేవాళ్లు కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1947లో రాసిన మూడు మెట్లు వల్లిస్తారు: ముందు కరిగించాలి, తర్వాత మార్చాలి, ఆపైన మళ్లీ గడ్డకట్టించాలి. ఇది మా ఫ్రీజర్ ఆపరేటర్‌కి చెబితే పకపకా నవ్వాడు. ఒకసారి కరిగిన సరుకుని మళ్లీ ఫ్రీజ్ చేస్తే కండ మెత్తబడి కంటెయినర్‌ వెనక్కొస్తుంది కదా మేడం అన్నాడు. నేనూ అతని పక్షమే. ప్లాంట్ మొత్తాన్ని ఒకేసారి కరిగించబోకండి. ఒక అంకె తీసుకోండి, ఒక టేబుల్ దగ్గర మొదలుపెట్టండి.

ఏ అంకె? పనిచేసే చేతులు ఆ షిఫ్టులోనే మార్చగలిగినదై ఉండాలి. డాలర్ రేటు, నెలవారీ లాభం లాంటివి తల తీసే అమ్మకి ఎందుకు? నా ఓటు ఈల్డ్‌కి. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యని తలతో దింపితే, తల తీశాక 100 కిలోలకి 65 కిలోల చుట్టుపక్కల మిగులుతుంది. ఆ 65 అటూ ఇటూ కదలడంలోనే ప్లాంట్ బతుకంతా ఉంది.

రాయడం మొదలుపెట్టేముందు మాటలకి అర్థాలు ఖరారు చేసుకోండి. రైతు దగ్గర 40 కౌంట్ అంటే తలతో కిలోకి 40 రొయ్యలు. ఎగుమతి పెట్టె మీద 21/25 అంటే తల తీశాక పౌనుకి 21 నుంచి 25. కొనుగోలు వాళ్లు ఒక కౌంట్, ప్యాకింగ్ వాళ్లు ఇంకో కౌంట్ మనసులో పెట్టుకుని మీటింగ్‌లో అరుచుకోవడం నేను చూశాను. తూకం ఎప్పుడు, ఏ కాటా మీద, ఎంతసేపు నీళ్లు కారాక అన్నది కూడా ముందే రాసిపెట్టాలి.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా దగ్గర రాత్రి షిఫ్టు ఈల్డ్ సగటున తక్కువే వచ్చేది. నిద్రమత్తు, బద్ధకం, సూపర్‌వైజర్ లేకపోతే కబుర్లు అని పగటి వాళ్లు తీర్పు చెప్పేశారు. జరిమానా వేద్దామన్న మాట కూడా పైనుంచి వచ్చింది. అంతకంటే ముందు లాట్ వారీగా, అంటే ఒకసారి దిగిన సరుకుని ఒక లెక్కగా తీసుకుని, అంకెలు పక్కపక్కన పెట్టి చూశాం. రాత్రి షిఫ్టులో కూడా ఈల్డ్ పడిపోయేది రెండు లారీలు ఒకేసారి వచ్చిన రాత్రుల్లోనే. ఒక్క లారీ వచ్చిన రాత్రి పగటితో సమానం. బద్ధకం లారీల్ని లెక్కపెట్టుకుని రాదు కదా.

నేను సరుకు దింపుకునే రిసీవింగ్ దగ్గర నిలబడి చూశాను. పగలు కడిగిన క్రేట్లని స్టాండు మీద ఏటవాలుగా పెట్టి, నీళ్లు కారాక కాటా ఎక్కిస్తున్నారు. రెండు లారీలు వచ్చిన రాత్రి డ్రైవర్లు తొందరపెడుతుంటే కడిగిన క్రేట్ కడిగినట్టే కాటా మీదికి పోతోంది. ఇప్పుడు లెక్క చూడండి. కాటా 25 కిలోలు చూపించిన క్రేట్‌లో ఒక కిలో నీళ్లే అయితే రొయ్య 24 కిలోలు. తల తీశాక 65 శాతం చొప్పున 15.6 కిలోలు వస్తుంది. రిజిస్టర్‌లో మాత్రం 25కి 15.6, అంటే 62.4 శాతం. తల తీసిన చేతుల తప్పు ఇసుమంతైనా లేకుండానే ఈల్డ్ రెండున్నర శాతానికి పైగా పడిపోయింది. పైగా ఏజెంటు బిల్లు ఆ తూకం మీదే. నీళ్లకి రొయ్యల రేటు కడుతున్నాం అని తెలిశాక ఎండీ గారు జరిమానా మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంకో రెండు స్టాండ్లు వెల్డింగ్ చేయించి, గోడకి టైమర్ తగిలించి, రెండు నిమిషాలు కారకుండా ఏ క్రేటూ కాటా ఎక్కకూడదని పెట్టాం. రాత్రి షిఫ్టులో ఉండే శ్రీకాకుళం వైపు పెద్దావిడ ఒకామె నాతో అంది: "మేం సెప్తే ఎవలూ ఇన్నేదు మేడం, కాటా సెప్తే ఇన్నారు." ఆ తర్వాత రాత్రి షిఫ్టు రిజిస్టర్ రాయమని ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

మీ దగ్గర కూడా మొదటి అంకెని ఇలాంటి చోటే వెతకండి. నింద ఎవరి మీదో ఉండి, కారణం ఇంకెక్కడో ఉందని మీకు అనుమానం ఉన్న చోట.

రాసేది ఎవరు

సూపర్‌వైజర్లు రాస్తే పనివాళ్లకి అది పోలీసు డైరీ. టేబుల్ దగ్గర పనిచేసేవాళ్లే రాయాలి. "వాళ్లకి చదువెక్కడిది?" అని ఆఫీసులో అడ్డుపడతారు. తగరపువలస నుంచి, భీమిలి నుంచి స్టాఫ్ బస్సెక్కి వచ్చే ఆడవాళ్లలో డ్వాక్రా గ్రూపు లీడర్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి చూడండి. నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ, ఎవరి వాయిదా తప్పింది అని పైసాతో సహా పుస్తకం నడిపేవాళ్లు. బ్యాంకు మేనేజరు నమ్మిన లెక్కని మనం నమ్మకపోవడం ఏమిటి? మేం ప్రతి టేబుల్‌కీ అలాంటి ఒకావిడనే పెట్టుకున్నాం. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలున్న టేబుళ్ల దగ్గర మాటలు తగ్గించి బొమ్మలూ అంకెలే ఉంచాం.

ఫారం ఒక అరచెయ్యంత ఉంటే చాలు. లాట్ నంబరు, దిగిన తూకం, తీశాక తూకం, టైము, ఏమైనా తేడా కనిపిస్తే రాయడానికి ఒక ఖాళీ గడి. తడికి పనికొచ్చే ప్లాస్టిక్ పలక, దానికి తాడుతో కట్టిన పెన్సిలు. తాడు ముఖ్యం, లేకపోతే రెండో రోజుకే పెన్సిలు ఉండదు. ఆ తాడుకీ పెన్సిలుకీ మెటల్ డిటెక్టర్ పట్టే రకమే వాడాలని క్వాలిటీ వాళ్లు గొడవ చేస్తారు, వాళ్ల మాట వినండి.

మేస్త్రి గారి కన్ను

అసలైన చిక్కు మేస్త్రిల దగ్గర. ముప్ఫై ఏళ్లుగా గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుని కౌంట్ చెప్పేసే మనిషి ముందు మీరు కాటా పెడితే, "నీ చూపు అక్కర్లేదయ్యా" అన్నట్టే. ఆయన నోటితో ఏమీ అనడు. కాటా మాత్రం వారానికోసారి పాడవుతుంటుంది.

ఆయన్ని కాటా ఎదురుగా నిలబెట్టకండి, కాటా కంటే ముందు నిలబెట్టండి. ఫారంలో ఇంకో గడి గీయండి: మేస్త్రి అంచనా. సరుకు దిగగానే ముందు ఆయన చెప్పాలి, రాయాలి. ఆ తర్వాతే శాంపిల్ తీసి లెక్కపెట్టాలి. మా దగ్గర మేస్త్రి గారి అంచనా ఎక్కువసార్లు దగ్గరగానే వచ్చింది, దాంతో ఆయన మొహం విప్పారింది. తప్పిన చోట్ల ఆయనే ఆరా తీశాడు. శాంపిల్ పైపైన తీస్తున్నారు, టబ్ అడుగున సైజు వేరు అని పట్టుకున్నది ఆయనే. ఇప్పుడు శాంపిల్ పైన, మధ్యన, అడుగున ఎలా తీయాలో కొత్త పిల్లలకి నేర్పేది కూడా ఆయనే. "మేస్త్రి గారూ, మీ అంచనా ఎంత?" అని ఎండీ గారు అడిగిన రోజు నుంచి కాటాలు పాడవడం తగ్గింది. ఎందుకు తగ్గిందని నేను అడగలేదు.

బోర్డు, పది నిమిషాలు

బోర్డు ఆఫీసులో పెట్టకండి. గమ్‌బూట్లు తొడుక్కునే చోట పెట్టండి, రెండు షిఫ్టులూ అక్కడే ఎదురుపడతాయి. నిలబడే మాట్లాడాలి, పది నిమిషాలు దాటకూడదు. కుర్చీలు వేస్తే టీలొస్తాయి, టీలొస్తే ఉపన్యాసాలొస్తాయి. నిన్నటి అంకె ఏమిటి, ఎక్కడ తేడా కొట్టింది, దానికి ఇవాళ ఎవరు ఏం చేస్తారు. అంతే. నిన్న ఒప్పుకున్న పని ఆఫీసు వాళ్లు చేశారో లేదో కూడా అదే బోర్డు మీద ఉండాలి. పనివాళ్ల అంకె ఒక్కటే రాసి, మెయింటెనెన్స్ వాళ్లు బాగుచెయ్యని ఐస్ క్రషర్ సంగతి రాయకపోతే ఆ బోర్డుని ఎవరూ ఖాతరు చెయ్యరు.

అంకె కాస్త కదిలిన ప్రతిసారీ కారణం అడగడం ఇంకో జబ్బు. నిన్న 65.3, ఇవాళ 64.8 అయితే "ఎందుకు తగ్గింది?" అని అడిగితే ఏదో ఒకటి కల్పించి చెబుతారు. ఏది మామూలు ఊగిసలాట, ఏది నిజంగా తేడా అని విడదీయడానికి షూహార్ట్ అనే అమెరికా గణాంక నిపుణుడు 1924లోనే ఒక చార్టు గీశాడు. తేలికైన పద్ధతి ఒకటి చెబుతాను. ఒకే సైజు లాట్లు ఓ పాతిక తీసుకోండి. సగటు కట్టండి. ఒక లాట్‌కీ తర్వాతి లాట్‌కీ తేడా ఎంతో రాసి, ఆ తేడాల సగటు కూడా కట్టండి. దాన్ని 2.66తో గుణించి, సగటుకి పైనా కిందా గీతలు గీయండి. సగటు 65, తేడాల సగటు 0.8 అనుకుంటే గీతలు ఇంచుమించు 62.9 దగ్గర, 67.1 దగ్గర పడతాయి. గీతల మధ్య ఉన్న అంకె గురించి ఎవరినీ ప్రశ్నించకండి. గీత దాటితే వదలకండి, పైకి దాటినా సరే. ఈల్డ్ మరీ ఎక్కువొచ్చిందంటే అక్కడా నీళ్ల కథే ఉండొచ్చు.

కిలోలకి డబ్బులిస్తే

చాలా షెడ్లలో తల తీసేవాళ్లకి కిలోల లెక్కన కూలి. ఎక్కువ కిలోలు తీస్తే ఎక్కువ డబ్బులు. చెయ్యి వేగం పెరిగేకొద్దీ తలతో పాటు మెడ దగ్గరి కండ కూడా ఊడి చెత్త టబ్‌లోకి పోతుంది. కిలోలు పెరిగాయని సూపర్‌వైజర్ సంబరపడతాడు, ఈల్డ్ చెత్తలో పడి ఉంటుంది. ఒక అంకెని లక్ష్యంగా పెట్టిన మరుక్షణం ఆ కొలత చెడిపోతుందని చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో బ్యాంకుల వ్యవహారం గురించి చెప్పాడు. మా చెత్త టబ్‌కి కూడా అక్షరాలా వర్తిస్తుంది.

అలాగని వెంటనే ఈల్డ్‌కి బోనస్ పెడితే, నీళ్లు కారకుండానే తీశాక తూకం వేస్తారు. అందుకే కిలోలు, ఈల్డ్ ఒకే వరసలో పక్కపక్కన కనపడాలి. అప్పుడప్పుడు ఎవరైనా వెళ్లి చెత్త టబ్‌లోంచి గుప్పెడు తలలు తీసి కండ ఎంతుందో చూడాలి. కూలి పద్ధతి మార్చాలనుకుంటే బోర్డు ఒక సీజన్ నడిచాక, వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాకే మార్చండి. కూలి తగ్గుతుందన్న అనుమానం ఒక్కసారి వచ్చిందంటే మీ అంకెలన్నీ మళ్లీ శుభలేఖల్లా తయారవుతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది మీ సరుకుని బట్టి. హార్బర్ నుంచి వచ్చే సముద్రపు సరుకు మీద నడిచే యూనిట్ అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధ కాలం మంచి అదను, అప్పుడు అందరికీ తీరిక. చెరువు రొయ్య అయితే వేసవి పట్టుబడులు ఊపందుకోకముందే అలవాటు చేయించండి. లారీలు గేటు బయట వరస కట్టిన రోజున ఎవరికైనా కొత్త ఫారం ఇస్తే దాంతో ఐస్ ఎత్తుతారు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు మీరు పిలవకపోయినా వస్తారు, ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల గ్రాఫులు చూపిస్తారు. ఒక సీజన్ కాగితం మీద నడిచిన తర్వాతే కొనండి. అప్పటికి మీకు ఏ గడి కావాలో, ఏది అక్కర్లేదో తెలుస్తుంది. వాళ్లు 40 గడులు చూపిస్తే మీరు ఆరు చాలంటారు, రేటు కూడా తగ్గుతుంది. అంతవరకు క్వాలిటీ వాళ్ల కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీటు సరిపోతుంది.

కొత్త ఫారం తెచ్చిన ప్రతిసారీ పాతది ఒకటి తీసెయ్యండి. చట్టం, కొనుగోలుదారు అడిగేవి తప్పించి మిగతా రిజిస్టర్లన్నీ ఒక బల్ల మీద పరిచి, "ఇది పోయిన ఆరు నెలల్లో ఎవరైనా తెరిచి చూశారా?" అని ఒక్కో సెక్షన్ హెడ్‌నీ అడగండి. చూడనివి అక్కడే కట్టగట్టండి. "ఏటి మేడం, మళ్లీ కొత్త పుస్తకమా?" అని మూతి ముడిచే ఆడవాళ్లకి ఆ కట్ట చూపించాకే కొత్త పలక చేతిలో పెట్టండి.